ఫోల్డర్ పేరు అర్థమయ్యాకే డిలీట్ నొక్కండి: విండోస్, లినక్స్, మ్యాక్, ఫోన్ ఫోల్డర్లను చదివే పద్ధతి

"డిస్క్ నిండిపోయింది. ఈ ఫోల్డర్ ఒక్కటే 20 జీబీ ఉంది. తీసేయొచ్చా?" నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే. ఫోల్డర్ పేరు మాత్రం ప్రతిసారీ మారుతుంది. ఒకరికి విన్‌ఎస్‌ఎక్స్‌ఎస్, ఇంకొకరికి వార్, మరొకరికి ఫోన్‌లో ఓబీబీ. ఒక్కో పేరుకూ విడిగా జవాబు చెప్పుకుంటూ పోతే రేపు ఇంకో కొత్త పేరు ఎదురవుతుంది. అందుకే పేరు చూసి లోపల ఏముంటుందో ఎలా పోల్చుకోవాలో, ఆ తర్వాత ఏ వరుసలో శుభ్రం చేయాలో ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

పేర్లన్నీ పలికే తీరులో తెలుగు లిపిలో రాశాను. మీ తెర మీద అవి ఇంగ్లీషు అక్షరాల్లో కనిపిస్తాయి.

1. ముట్టుకునే ముందు

ముందు మీ ఫొటోలు, డాక్యుమెంట్లు ఇంకో డిస్క్‌లోకో క్లౌడ్‌లోకో కాపీ చేయండి. అక్కడితో ఆగకుండా ఆ కాపీలోంచి రెండు మూడు ఫైళ్లు తెరిచి చూడండి. తెరుచుకోని బ్యాకప్ ఉన్నా లేనట్టే.

తర్వాత దాచి ఉంచిన ఫోల్డర్లు కనిపించేలా చేసుకోండి.

- విండోస్ 11: ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ, అందులో షో, అందులో హిడెన్ ఐటమ్స్.
- మ్యాక్: ఫైండర్‌లో కమాండ్, షిఫ్ట్, చుక్క మీటలు కలిపి నొక్కాలి.
- లినక్స్: చాలా ఫైల్ మేనేజర్లలో కంట్రోల్, హెచ్ మీటలు కలిపి.

చూసినంత మాత్రాన ఏమీ పాడవదు. పని అయ్యాక మళ్లీ దాచేయండి.

మూడోది, చోటు ఎక్కడ పోతోందో కొలవండి. విండోస్ సెట్టింగ్స్‌లో సిస్టమ్ కింద స్టోరేజ్, మ్యాక్ సెట్టింగ్స్‌లో జనరల్ కింద స్టోరేజ్, లినక్స్‌లో డిస్క్ యూసేజ్ అనలైజర్ ఆ లెక్క చూపిస్తాయి. ఇది చేయకుండా కంటికి కనిపించిన ఫోల్డర్లన్నీ తీసేస్తే 200 ఎంబీ మిగిలి, 40 జీబీ ఉన్నది అలాగే ఉండిపోతుంది.

2. ఏ ఫోల్డర్‌నైనా అడగాల్సిన మూడు ప్రశ్నలు

- ఇది ఎవరిది? సిస్టమ్‌దా, ఏదైనా ప్రోగ్రామ్‌దా, మీదా?
- తీసేస్తే మళ్లీ దానంతట అదే పుడుతుందా?
- ఇప్పుడు ఏ ప్రోగ్రామైనా దీన్ని వాడుతోందా?

మొదటి రెండు ప్రశ్నలకు చాలాసార్లు పేరే జవాబు చెబుతుంది. అన్ని సిస్టమ్‌లలోనూ తిరిగి తిరిగి కనిపించే మాటలు కొన్ని ఉన్నాయి. వీటిని గుర్తుపెట్టుకుంటే సగం పని అయినట్టే.

- క్యాష్: ఒకసారి తెచ్చుకున్నదాన్ని మళ్లీ మళ్లీ తేకుండా దగ్గర పెట్టుకున్న నిల్వ. తీసేస్తే మళ్లీ పుడుతుంది. మొదట్లో కొంచెం నెమ్మదిగా అనిపిస్తుంది, అంతే.
- టెంప్, టీఎంపీ: టెంపరరీ. పని నడుస్తున్నంతసేపే అవసరం.
- లాగ్: ఏం జరిగిందో రాసుకున్న చిట్టా. కంప్యూటర్‌లో ఏదైనా సమస్య వెతుకుతున్నప్పుడు మాత్రం ఉంచండి.
- కాన్ఫిగ్, ప్రిఫరెన్సెస్: మీరు చేసుకున్న సెట్టింగ్స్. పరిమాణం చిన్నది, పోతే బాధ పెద్దది.
- డేటా, ప్రొఫైల్, సపోర్ట్: ఇక్కడ ఆగండి. మళ్లీ పుట్టనివి ఉండేది వీటిలోనే.
- లిబ్, లైబ్రరీ: మామూలుగా ప్రోగ్రామ్‌లు పంచుకునే కోడ్. కానీ ఈ మాట రెండు చోట్ల వేరే అర్థంలో వస్తుంది. వాటి దగ్గరికి వచ్చినప్పుడు చెబుతాను.

3. విండోస్: పేరు చూసి మోసపోయేది ఇక్కడే ఎక్కువ

సిస్టమ్32, సిస్‌వావ్64. ఈ రెండింటి దగ్గర దాదాపు అందరూ తడబడతారు. 32-బిట్ అన్నది పాత తరం, 64-బిట్ అన్నది ఇప్పటి తరం. 64-బిట్ విండోస్‌లో సిస్టమ్32 లోపల ఉండేవి 64-బిట్ ఫైళ్లు. సిస్‌వావ్64 లోపల ఉండేవి 32-బిట్ ఫైళ్లు. పేర్లకు సరిగ్గా తలకిందులు.

కారణం ఉంది. 64-బిట్ విండోస్ వచ్చేనాటికే ఎన్నో ప్రోగ్రామ్‌లు సిస్టమ్32 అనే పేరును తమ కోడ్‌లోనే రాసేసుకున్నాయి. ఆ పేరు మారిస్తే అవన్నీ ఆగిపోతాయి. అందుకే పాత పేరును అలాగే ఉంచి, 32-బిట్ ఫైళ్లకు కొత్త ఫోల్డర్ కట్టారు. వావ్64 అంటే 64-బిట్ విండోస్ మీద 32-బిట్ విండోస్ నడిపే ఏర్పాటు. పాత ప్రోగ్రామ్ సిస్టమ్32 కావాలని అడిగితే విండోస్ దాన్ని చప్పుడు లేకుండా సిస్‌వావ్64 వైపు మళ్లిస్తుంది. "నాది 64-బిట్ మెషీన్ కదా, 32 అని ఉన్నది పాతదే" అనుకుని సిస్టమ్32 మీద చేయి వేశారంటే విండోస్ మొదలవదు.

ప్రోగ్రామ్ ఫైల్స్, ప్రోగ్రామ్ ఫైల్స్ ఎక్స్86. మొదటిది 64-బిట్ ప్రోగ్రామ్‌లకు, రెండోది 32-బిట్ ప్రోగ్రామ్‌లకు. 86 అన్నది 1978లో ఇంటెల్ తెచ్చిన 8086 చిప్ పేరులోంచి వచ్చింది. ఆ తర్వాతి 80286, 80386 చిప్‌ల పేర్లు కూడా 86తోనే ముగిశాయి, దాంతో ఆ కుటుంబం మొత్తానికీ ఎక్స్86 అని పేరు నిలిచింది. అంతేగానీ ఇది ప్రోగ్రామ్ ఫైల్స్‌కు రెండో కాపీ కాదు. లోపలి ఫోల్డర్లను చేత్తో తీయకండి. సెట్టింగ్స్‌లో యాప్స్‌కి వెళ్లి అన్‌ఇన్‌స్టాల్ చేయండి.

విన్‌ఎస్‌ఎక్స్‌ఎస్. చివరి మూడక్షరాలకు అర్థం సైడ్ బై సైడ్, అంటే పక్కపక్కన. విండోస్ తన భాగాలను, వాటి వేర్వేరు వెర్షన్లతో సహా ఇక్కడ దాచుకుంటుంది. అప్‌డేట్లు ఎక్కేదీ, వెనక్కి వెళ్లేదీ ఇక్కడినుంచే.

దీని పరిమాణం చూసి కంగారుపడకండి. ఇక్కడి ఫైళ్లలో చాలావాటికి హార్డ్ లింక్‌లు ఉంటాయి. ఒకే గదికి రెండు తలుపులు ఉన్నట్టు, ఒకే ఫైల్ ఇక్కడా సిస్టమ్32లోనూ కనిపిస్తుంది. ఎక్స్‌ప్లోరర్ దాన్ని రెండుసార్లు లెక్కపెడుతుంది. నిజంగా పట్టే చోటు అంతకంటే తక్కువ. దీన్ని తగ్గించడానికి డిస్క్ క్లీనప్ తెరిచి, క్లీనప్ సిస్టమ్ ఫైల్స్ నొక్కి, విండోస్ అప్‌డేట్ క్లీనప్‌కు టిక్ పెట్టండి. చేత్తో మాత్రం వద్దు.

విండోస్ లోపలి ఇన్‌స్టాలర్. ఇది దాచి ఉంచిన ఫోల్డర్. ఇన్‌స్టాల్ అయిపోయాక ఇన్‌స్టాలర్‌తో పనేముంది అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించి ఒకసారి ఖాళీ చేశాను. ఆ రోజు ఏమీ కాలేదు. కొన్ని వారాల తర్వాత ఒక ప్రోగ్రామ్ అప్‌డేట్ చేయబోతే పాత ప్యాకేజీ ఎక్కడుందని అడిగి ఆగిపోయింది. అన్‌ఇన్‌స్టాల్ చేద్దామంటే అదే ప్రశ్న. అలా మూడు ప్రోగ్రామ్‌లు అటూ ఇటూ కాకుండా ఇరుక్కున్నాయి, చివరికి విండోస్ మళ్లీ ఎక్కించాల్సి వచ్చింది. రిపేర్ చేయడానికీ తీసేయడానికీ కావలసిన ప్యాకేజీలు ఉండేది ఈ ఫోల్డర్‌లోనే. తప్పు చేసిన రోజున తెలియకుండా తర్వాత బయటపడేవి ఇలాంటివే, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

మిగతావి త్వరగా:

- విండోస్.ఓల్డ్: కొత్త వెర్షన్‌కు మారినప్పుడు పక్కన పెట్టిన పాత విండోస్. వెనక్కి వెళ్లే ఉద్దేశం లేకపోతే స్టోరేజ్ సెట్టింగ్స్‌లో టెంపరరీ ఫైల్స్ నుంచి తీసేయండి. మామూలుగా 10 రోజులకు అదే పోతుంది.
- సాఫ్ట్‌వేర్‌డిస్ట్రిబ్యూషన్: విండోస్ అప్‌డేట్ దిగుమతి చేసుకునే చోటు. మీ సాఫ్ట్‌వేర్‌తో సంబంధం లేదు.
- ప్రోగ్రామ్‌డేటా: ప్రోగ్రామ్ ఫైల్స్‌లో ప్రోగ్రామ్ ఉంటే, యూజర్లందరికీ ఉమ్మడిగా అది రాసుకునే సమాచారం ఇక్కడ ఉంటుంది. ఉంచండి.
- సిస్టమ్ వాల్యూమ్ ఇన్ఫర్మేషన్: రీస్టోర్ పాయింట్లు, అంటే సమస్య వస్తే విండోస్‌ను వెనకటి స్థితికి తెచ్చుకునే గుర్తులు. తగ్గించాలంటే సిస్టమ్ ప్రొటెక్షన్‌లో పరిమితి పెట్టండి.
- డాక్యుమెంట్స్ అండ్ సెట్టింగ్స్: తెరవబోతే అనుమతి లేదంటుంది. వైరస్ ఏమీ కాదు. పాత ప్రోగ్రామ్‌ల కోసం ఉంచిన దారి గుర్తు, యూజర్స్ ఫోల్డర్ వైపు చూపిస్తుంది.

4. యాప్‌డేటా: మూడు గదుల ఇల్లు

యూజర్స్ లోపల మీ పేరు, దాని లోపల యాప్‌డేటా. అందులో మూడు ఫోల్డర్లు.

రోమింగ్ అంటే మీతోపాటు తిరిగేది. ఆఫీసు నెట్‌వర్క్‌లో ఆ ఏర్పాటు ఉంటే, ఒక మెషీన్ వదిలి ఇంకో మెషీన్‌లో లాగిన్ అయినా ఈ సెట్టింగ్స్ వెంట వస్తాయి. లోకల్ అంటే ఈ మెషీన్‌కే పరిమితమైనది. మూడో ఫోల్డర్ పేరు లోకల్, లో అనే రెండు మాటలు కలిసినది. తక్కువ అనుమతులతో నడిచే ప్రోగ్రామ్‌లు రాసుకునే చోటు అది. చివరి 'లో' అంటే తక్కువ అని.

లోకల్ అంటే మొత్తం క్యాషే అనుకోవడం ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు. క్రోమ్ బ్రౌజర్ ప్రొఫైల్, అంటే మీ బుక్‌మార్క్‌లు, సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు, ఉండేది లోకల్ ఫోల్డర్ లోపలే. క్యాష్ ఉండేదీ అక్కడే, ఇంకో రెండు మెట్ల లోపల. కాబట్టి బ్రౌజర్ క్యాష్‌ను బ్రౌజర్ సెట్టింగ్స్ నుంచే తీయండి.

లోకల్ లోపలి టెంప్‌ను మాత్రం ఖాళీ చేయొచ్చు. పద్ధతి ఇది:

- తెరిచి ఉన్న ప్రోగ్రామ్‌లన్నీ మూసి, కంప్యూటర్ రీస్టార్ట్ చేయండి. ఏదైనా ఇన్‌స్టాలేషన్ సగంలో ఉంటే ముందు దాన్ని పూర్తవనివ్వండి.
- టెంప్ తెరిచి అన్నీ ఎంచుకుని డిలీట్ నొక్కండి.
- "ఫైల్ వాడకంలో ఉంది" అని వస్తే స్కిప్ నొక్కి వదిలేయండి. బలవంతం చేయకండి.

5. లినక్స్: పొట్టి పేర్లు, కచ్చితమైన అర్థాలు

లినక్స్‌లో ఏ ఫోల్డర్‌లో ఏముండాలో రాతపూర్వకంగానే ఒక ప్రమాణం ఉంది. ఫైల్‌సిస్టమ్ హయరార్కీ స్టాండర్డ్ అంటారు. 3.0 వెర్షన్ 2015లో వచ్చింది. అందుకే ఇక్కడ పేరును నమ్మొచ్చు, అర్థం తెలిస్తే.

ముందు రూట్ గురించి. ఉత్త స్లాష్ గుర్తునూ రూట్ అంటారు, అది అన్నిటికీ మూలం, చెట్టుకు వేరులాంటిది. ఆ వేరు కింద రూట్ అనే పేరుతోనే ఒక ఫోల్డర్ ఉంటుంది, అది అడ్మిన్ సొంతిల్లు. ఎవరైనా "రూట్‌లో చూడు" అంటే ఏ రూటో అడగండి.

- బిన్, ఎస్‌బిన్: బైనరీలు, అంటే నడిచే ప్రోగ్రామ్‌లు. ఎస్ ఉన్నవి సిస్టమ్ నిర్వహణకు. రీసైకిల్ బిన్‌తో ఏ సంబంధమూ లేదు. చెత్తబుట్ట అనుకుని ఖాళీ చేస్తే కమాండ్లే మిగలవు.
- ఈటీసీ: ఎట్‌సెట్రా, "వగైరా" అని. పేరు తేలిక, పాత్ర బరువైనది. సిస్టమ్ సెట్టింగ్స్ అన్నీ ఇక్కడే. ఏదైనా మార్చే ముందు ఆ ఫైల్‌కు కాపీ తీసుకోండి.
- యూఎస్‌ఆర్: యూజర్ అనే మాటలోంచి వచ్చింది, కానీ యూజర్ల ఫైళ్లు ఇప్పుడు ఇక్కడ ఉండవు, అవి హోమ్‌లో. ఇక్కడ ఉండేవి ఇన్‌స్టాల్ అయిన ప్రోగ్రామ్‌లు. చాలా లినక్స్‌లలో బయటి బిన్ ఇప్పుడు యూఎస్‌ఆర్ లోపలి బిన్‌కు దారి గుర్తు మాత్రమే.
- ఆప్ట్: ఆప్షనల్. విడిగా తెచ్చి పెట్టుకున్న సాఫ్ట్‌వేర్.
- డెవ్: డివైసెస్. డెవలప్‌మెంట్ అనుకుని ఇక్కడ కోడ్ పెట్టేవారిని చూశాను. ఇక్కడి ఫైళ్లు డిస్క్‌లు, కీబోర్డుల వంటి పరికరాలకు ప్రతినిధులు.
- ప్రాక్, సిస్: కెర్నల్, అంటే సిస్టమ్‌కు గుండెకాయ లాంటి భాగం, అప్పటికప్పుడు చూపించే సమాచారం. ప్రాక్‌లోని కేకోర్ ఫైల్ మీ డిస్క్ కంటే ఎన్నో రెట్లు పెద్దదిగా కనిపించినా డిస్క్‌లో ఒక్క బైటూ పట్టదు. వదిలేయండి.
- ఎంఎన్‌టీ, మీడియా: డిస్క్‌లు తగిలించే చోట్లు. మీడియా లోపల కనిపించేది మీ పెన్ డ్రైవ్. ఇక్కడ డిలీట్ చేస్తే పెన్ డ్రైవ్‌లోని ఫైళ్లే పోతాయి.
- లాస్ట్+ఫౌండ్: డిస్క్ రిపేర్‌లో దొరికిన ఊరూపేరూ లేని ముక్కలు ఇక్కడ పడతాయి.

చోటు సమస్య వచ్చినప్పుడు నిజంగా చూడాల్సింది వార్. వేరియబుల్, అంటే మారుతూ పెరిగేది. లోపల మూడింటిని వేరుచేసి చూడాలి.

వార్ లోపలి క్యాష్: ప్యాకేజీ మేనేజర్, అంటే లినక్స్‌లో ప్రోగ్రామ్‌లు ఎక్కించే, తీసేసే సాధనం, దింపుకున్న ఫైళ్లు. ఉబుంటు, డెబియన్‌లలో ఆప్ట్ క్లీన్ అనే కమాండ్ దీన్ని ఖాళీ చేస్తుంది. ఈ ఆప్ట్ వేరు, పైన చెప్పిన ఆప్ట్ ఫోల్డర్ వేరు.

వార్ లోపలి లాగ్: పాతవి తీసేయొచ్చు. అయితే ఏదైనా సర్వీస్ (వెనకాల నడుస్తూ ఉండే ప్రోగ్రామ్) తెరిచి పట్టుకున్న లాగ్‌ను డిలీట్ చేస్తే పేరు పోతుంది గానీ చోటు తిరిగి రాదు. "డిలీట్ చేశాను, అయినా డిస్క్ నిండుగానే ఉంది" అని టెన్షన్ పడేవారికి చాలాసార్లు ఇదే కారణం. ఆ సర్వీస్‌ను రీస్టార్ట్ చేయండి, చోటు విడుదలవుతుంది.

వార్ లోపలి లిబ్: ముందు చెప్పిన రెండు మినహాయింపుల్లో ఇది మొదటిది. యూఎస్‌ఆర్ లోపలి లిబ్‌లో ఉండేది కోడ్, పోతే మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు. వార్ లోపలి లిబ్‌లో ఉండేది ప్రోగ్రామ్‌ల స్థితి. మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ ప్రోగ్రామ్ దాచే సమాచారం మామూలుగా ఇక్కడే ఉంటుంది, ప్రోగ్రామ్‌లను విడివిడి పెట్టెల్లో నడిపే డాకర్ కంటైనర్లు, వాటి సమాచారం ఉండే వాల్యూమ్‌లు కూడా. పరిమాణం చూసి దీన్ని తీసేస్తే ఏ ఇన్‌స్టాలరూ తిరిగి ఇవ్వలేదు. నా దృష్టిలో లినక్స్ మొత్తంలో అన్నిటికంటే ప్రమాదకరంగా అపార్థమయ్యే పేరు ఇది.

సిస్టమ్ మొదలవడానికి కావలసిన ఫైళ్లుండే బూట్ ఫోల్డర్ నిండిపోతే సాధారణంగా పాత కెర్నల్‌లు పేరుకున్నాయని అర్థం. ప్యాకేజీ మేనేజర్‌లోని ఆటోరిమూవ్‌తో తీయండి.

6. మ్యాక్: మూడు లైబ్రరీలు

రెండో మినహాయింపు ఇదే. మ్యాక్‌లో లైబ్రరీ అంటే కోడ్ ఒక్కటే కాదు. సెట్టింగ్స్, క్యాష్, మీ మెయిల్ కూడా అందులో ఉంటాయి. పైగా ఆ పేరుతో మూడు ఉంటాయి.

సిస్టమ్ లోపలిది యాపిల్‌ది, 2019 నాటి కాటలీనా నుంచి చదవడానికే తప్ప మార్చడానికి వీల్లేని భాగంలో ఉంది. డిస్క్ పై మెట్టులోది యూజర్లందరికీ ఉమ్మడి. మీ పేరు ఫోల్డర్ లోపలిది మీదే, మామూలుగా దాగి ఉంటుంది. ఫైండర్‌లో గో మెనూ తెరిచి ఆప్షన్ మీట పట్టుకుంటే కనిపిస్తుంది. పని చేయాల్సింది ఈ మూడో దాంట్లోనే:

- క్యాషెస్ లోపలివి తీసేయొచ్చు, ముందు ఆయా యాప్‌లు మూసేయాలి.
- అప్లికేషన్ సపోర్ట్‌ను హెల్ప్ ఫైళ్ల చోటు అనుకోకండి. యాప్‌ల అసలు సమాచారం అది.
- అందులోనే మొబైల్‌సింక్ అనే ఫోల్డర్ ఉండొచ్చు. అది మీ ఐఫోన్ బ్యాకప్. పదుల జీబీలు పట్టేది తరచూ ఇదే. ఫోన్ తగిలించి, ఫైండర్‌లో మేనేజ్ బ్యాకప్స్ నుంచి పాతవి తీయండి.
- ప్రోగ్రామర్లకు డెవలపర్ కింద డిరైవ్డ్‌డేటా కనిపిస్తుంది. పేరులో డేటా ఉన్నా, డిరైవ్డ్ అంటే మీ కోడ్ నుంచి తయారైనది. మళ్లీ తయారవుతుంది, తీసేయొచ్చు.

7. ఫోన్, మెమరీ కార్డు

డీసీఐఎం అంటే డిజిటల్ కెమెరా ఇమేజెస్. 1998లో జపాన్‌లో రూపొందిన కెమెరా ఫైళ్ల ప్రమాణంలోంచి ఈ పేరు వచ్చింది. కెమెరాలైనా ఫోన్లైనా ఇదే పేరు వాడడానికి కారణం అదే. పొడి అక్షరాల్లా కనిపించినా మీ ఫొటోలు ఉండేది ఇందులోనే. దీన్ని మించి కాపాడుకోవాల్సిన ఫోల్డర్ ఫోన్‌లో లేదు.

ఆండ్రాయిడ్ ఫోల్డర్ లోపలి ఓబీబీ అంటే ఓపేక్ బైనరీ బ్లాబ్. గేముల పెద్ద ఫైళ్లు. తీసేస్తే గేమ్ మళ్లీ దింపుకోమంటుంది. ఆ గేమే వద్దనుకుంటే దాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేయండి. పక్కనే ఉండే మీడియా ఫోల్డర్ జాగ్రత్త: వాట్సాప్‌లో వచ్చిన ఫొటోలు, చాట్ బ్యాకప్‌లు ఇప్పుడు అక్కడ ఉంటాయి.

చుక్కతో మొదలయ్యే థంబ్‌నెయిల్స్ తీసేసినా మళ్లీ పుడతాయి. చుక్క నోమీడియా అనే ఖాళీ ఫైల్‌ను మాత్రం కదపకండి. ఈ ఫోల్డర్‌లోవి గ్యాలరీలో చూపించొద్దని చెప్పేది అదే.

8. శుభ్రం చేసే వరుస

1. మీ డౌన్‌లోడ్స్ ఫోల్డర్, చెత్తబుట్ట.
2. వాడని ప్రోగ్రామ్‌లు, అన్‌ఇన్‌స్టాల్ ద్వారా.
3. సిస్టమ్ సొంత క్లీనప్ టూల్.
4. టెంప్.
5. క్యాష్, ఆయా ప్రోగ్రామ్ సెట్టింగ్స్ నుంచి.
6. అప్పటికీ చాలకపోతే డేటా తరహా ఫోల్డర్లు, ఒక్కొక్కటిగా.

ఒక్కో మెట్టు తర్వాత ఎంత మిగిలిందో చూడండి. చాలామందికి మూడో మెట్టు దాటాల్సిన అవసరమే రాదు.

9. తెలియని పేరు ఎదురైతే

- ఫోల్డర్ ఎక్కడుందో చూడండి. విండోస్, సిస్టమ్, యూఎస్‌ఆర్ వంటివాటి లోపలైతే అక్కడితో ఆపేయండి.
- లోపలి ఫైళ్ల చివరి తేదీలు చూడండి. ఈ రోజు మారినవి ఉంటే ఎవరో వాడుతున్నారు.
- కంపెనీ పేరు ఉందా? ఆ ప్రోగ్రామ్ ఇంకా ఇన్‌స్టాల్ అయి ఉందా?
- మీ యూజర్ ఫోల్డర్ లోపలిదైతే, ప్రోగ్రామ్ మూసేసి ఫోల్డర్ పేరు చివర పాత అని చేర్చి రెండు వారాలు ఆగండి. ఏదైనా తేడా వస్తే పేరు వెనక్కి మార్చండి. రాకపోతే తీసేయండి. సిస్టమ్ ఫోల్డర్లకు ఈ పద్ధతి పనికిరాదు.

10. ఇప్పటికే తప్పు జరిగిపోతే

తీసేసింది మీ సొంత ఫైళ్లైతే ఆ డిస్క్ వాడడం వెంటనే ఆపేయండి. కొత్తగా ఏది రాసినా పాత ఫైళ్ల మీద పడొచ్చు. చెత్తబుట్ట, క్లౌడ్‌లోని చెత్తబుట్ట, బ్యాకప్, ఈ వరుసలో వెతకండి. రికవరీ ప్రోగ్రామ్‌ను అదే డిస్క్‌లో ఇన్‌స్టాల్ చేయకండి.

విండోస్ ఫైళ్లు పోయి, మెషీన్ ఇంకా మొదలవుతుంటే, కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ఎస్‌ఎఫ్‌సీ, ఖాళీ, స్లాష్, స్కాన్‌నౌ అని ఇంగ్లీషులో కొట్టండి. పాడైన సిస్టమ్ ఫైళ్లను అది విన్‌ఎస్‌ఎక్స్‌ఎస్‌లో దాచిన కాపీల నుంచి తెచ్చి పెడుతుంది. ఆ ఫోల్డర్‌ను ముట్టుకోవద్దన్నది ఇందుకు కూడా.

లినక్స్‌లో యూఎస్‌ఆర్ లోపల ఏదైనా ఒక ప్రోగ్రామ్ ఫైళ్లు పోతే ఆ ప్యాకేజీని మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే సరిపోతుంది. వార్ లోపలి లిబ్ పోతే మాత్రం బ్యాకప్ నుంచే తెచ్చుకోవాలి. డేటాబేస్ సర్వీస్ ఇంకా నడుస్తుంటే దాన్ని ఆపకండి, రీస్టార్ట్ చేయకండి. తెరిచి పట్టుకున్న ఫైళ్లు అది ఆగేవరకూ డిస్క్‌లోనే ఉంటాయి, తెలిసినవారు వాటిని బయటికి తీయగలరు.